రెండో డబర

ఆ ఉదయం రఘునాథ్ చేతిలో ఉన్న సరుకు ఇదీ: ఎనిమిది కిలోల చక్కెర, పెళ్లిళ్లలో అన్నం వండే అల్యూమినియం డబర, రాగిపిండి జల్లించే జల్లెడ, సంగటి కెలికే కట్టె, ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన ఖాళీ ఊరగాయ సీసాలు ఇరవై రెండు, వాటిని ఉడకబెట్టడానికి ఒక ఇడ్లీ పాత్ర. మామిడికాయలకు లెక్క లేదు. దేవకమ్మ తోటలో నలభై రెండు చెట్లకూ బెంగుళూరు కాయ కోసే దిక్కులేక వేలాడుతోంది. అన్నిటికంటే తక్కువగా ఉన్నది సమయం. సాయంత్రం ఐదింటితో అది అయిపోతుంది.

ఆ ఐదింటి సంగతి ఎక్కడ మొదలైందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రోజులు వరుసలో నిలబడిన రఘునాథ్ ట్రాక్టరును నాలుగోనాడు సరుకు వద్దని వెనక్కి తిప్పి పంపారు. కాయ చెట్టుమీదే పండి రాలిపోతుంటే చూడలేక దేవకమ్మ చెట్లు కొట్టే శ్రీనివాసులుకు కబురు పెట్టింది. పన్నెండేళ్లుగా ఆ తోట కాపును గుత్తకు తీసుకుంటున్నది రఘునాథే. అంతకు ముందెప్పుడో, బంగారంలాంటి వేరుశనగ పండే ఆ చేలో మామిడి నాటమని ఆమె భర్త మునస్వామికి చెప్పిందీ రఘునాథే. మునస్వామి పోయి నాలుగేళ్లయింది. చెట్లు మిగిలాయి, చెప్పినవాడు మిగిలాడు.

అందుకే నిన్న అతను ఆమె వాకిట్లో నిలబడి ఒక్క రోజు అడిగాడు. ఫ్యాక్టరీ కొనకపోతే ఈ కాయ ఎందుకూ పనికిరాదన్న మాట తప్పని చూపిస్తానన్నాడు. తిరుపతిలో ఇంటి వంటకాలు అమ్మే అంగడామె, నిలవ ఉండే జామ్ అయితే తెమ్మందని చెప్పాడు.

దేవకమ్మ వక్క కొరుకుతూ అంతా విని, "రేపు ఐదుగంటలకు శీనివాసులు రంపం తెస్తా ఉండాడు. అప్పటికి నీ జామో గీమో గట్టిపడి నా సేతిలో ఉంటే వాణ్ని ఎనక్కి పంపుతా. ల్యాకపోతే నువ్వు నోరెత్తకూడదు" అంది.

"ఎత్తను వదినా."

అదీ ఒప్పందం. రాతకోతలు లేవు. అయినా రఘునాథ్ ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత బరువైన ఒప్పందం చేసుకున్నది లేదు.

దేవకమ్మ ఇంటి వెనక చెరకు గానుగ కొట్టం ఒకటుంది. చెరకు వేయడం మానేశాక గానుగ మూలపడింది. బెల్లం వండిన పెద్ద పెనం బోర్లించి తుప్పు పడుతోంది గానీ పొయ్యి మాత్రం గట్టిగానే ఉంది. డబర ఆ పొయ్యికి చిన్నదైపోతే, చుట్టూ ఇటుకలు పేర్చి కూర్చోబెట్టింది గ్రేసీ.

గ్రేసీది చర్చి వీధి. వేలూరులో నర్సింగ్ పిల్లల హాస్టల్ వంటగదిలో ఆరేళ్లు పని చేసి వచ్చింది. ఊళ్లో అందరూ జామ్‌ను బ్రెడ్డు మీద చూసినవాళ్లే. పొయ్యి మీద చూసింది ఆమె ఒక్కతే. అది కూడా పెద్ద వంటమనిషి చేస్తుంటే పక్కన నిలబడి కెలకడమే తప్ప, తన చేత్తో ఎప్పుడూ చేయలేదు. ఆ మాట మొదటే చెప్పింది. "నేను సూసింది సెప్తానన్నా. వచ్చినాదా సరే, రాల్యాదా నన్ను అనకూడదు."

"అనను" అన్నాడు రఘునాథ్.

ఆమె మొగుడు ఇమ్మానుయేల్ శ్రీనివాసులు దగ్గర మాను ఎత్తే కూలీ. ఈ తోట కొడితే అతనికి మూడు వారాలు చేతినిండా పని. ఆ సంగతి రఘునాథ్‌కు తెలుసు. తెలిసే ఆమెను పిలిచాడు, ఇంకొకరు లేరు కాబట్టి. తెలిసినదాన్ని వ్యాపారి పారేయడు. ఎప్పుడు అవసరమవుతుందోనని ఒక పక్కన పెట్టుకుంటాడు.

పొద్దున్నే తోలు తీసి, ముక్కలు ఉడికించి, జల్లెడలో వేసి గ్లాసు అడుగుతో రుద్దారు. నాలుగో వాయికి జల్లెడ వల ఒక పక్క ఊడివచ్చింది. గ్రేసీ దాన్ని కట్టుతీగతో కుట్టేసింది. గుజ్జు ఐదు కిలోలు తేలింది. రఘునాథ్ తన మండీ కాటా తెచ్చి గుజ్జుకు సమానంగా చక్కెర తూచి పోశాడు. మూడు కిలోలు మిగిలింది. పదకొండింటికి డబర పొయ్యెక్కింది.

అప్పుడు దేవకమ్మ పీట తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చుంది. చేతిలో చిల్లుల గరిటె.

"నురగ తీసే పని నాది. మీరిద్దురూ పక్కకు పోండి. పాకం సంగతి నాకి ఎవురూ సెప్పే పనిల్యాదు" అంది.

ఆ మాట గొప్పకు అన్నది కాదు. గానుగ ఆడిన రోజుల్లో చుట్టుపక్కల నాలుగూళ్లలో దేవకమ్మ దింపమంటేనే పెనం దింపేవాళ్లు. ఆమె చూపుడువేలికి పాకం కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. గ్రేసీ సీసాలు కడగడానికి బోరు దగ్గరికి వెళ్లింది. రఘునాథ్ తోటలోకి వెళ్లి రాలిన కాయను ఏరించే పనిలో పడ్డాడు.

ఒంటిగంటకు తిరిగి వచ్చేసరికి డబరలో రంగు మారిపోయి ఉంది. చేమంతిలా ఉండాల్సింది ఎర్రమట్టి నీళ్లలా ఉంది. గ్రేసీ సోడా అంగడి నుంచి తెచ్చిన ఐసుగడ్డ మీద అన్నం తినే స్టీలు తట్ట పెట్టి, అది చల్లబడ్డాక ఒక చుక్క వేసింది. వేలితో మధ్యలో గీత గీసింది. గీత అలాగే నిలవాలి. రెండు పక్కల నుంచీ కారివచ్చి గీత కలిసిపోయింది.

"ఇంగా కొంచేపు" అంది గ్రేసీ.

ఒకటిన్నరకు మళ్లీ వేసింది. కారింది. రెండింటికి కారింది. రెండుంపావుకు అడుగంటిన వాసన మొదలైంది. ఇంకా కారుతూనే ఉంది.

రఘునాథ్ వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తీపి ఉంది. మామిడి లేదు. ఉడికిన గుమ్మడికాయలా చప్పగా, అడుగున ఏదో కరుకుగా తగిలింది.

"ఏం కలిపినావు గ్రేసీ?"

"నేనేం కలుపుతానన్నా? గుజ్జు, చక్కెర. నువ్వే గదా తూచి పోసినావు."

"పులుపు యాడికి పోయినాది మరి? కాయ నేను కొరికి సూసినాను. పండ్లు జివ్వుమన్నాయి."

"నాకీ అదే తెలీల్యా. సూస్తా ఉండాను గదా."

"సీసాలు కడిగిన నీళ్లు పోసినావా?"

"పోస్తే ఆవిరైపోతాయి గానీ పులుపును మింగుతాయా?"

న్యాయమైన మాట. చెట్ల నడుమ ఎండ పడమటికి వాలుతోంది. ఐదు కిలోల చక్కెర పాడైంది, మూడు గంటలు పోయాయి, ఎదురుగా దేవకమ్మ వక్క నమలడం మానేసి నేలకేసి చూస్తోంది. పక్కన పెట్టుకున్న సంగతి అప్పుడతని నోటికి వచ్చేసింది.

"చెట్లు కొడితే ఇమ్మానుయేలుకు మూడు వారాల పని. ఇది గట్టిపడితే ఆ పని పోతాది. నేనేమన్నా తప్పు లెక్క సెప్తా ఉండానా?"

గ్రేసీ సంగటి కట్టెను డబర అంచుకు అడ్డంగా పెట్టింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"ఇంగోసారి సెప్పన్నా. సరిగా ఇనపళ్యా."

రఘునాథ్ పొయ్యిలో పుల్లలు వెనక్కి లాగాడు.

"సెప్పవా? సరే. మూడు కిలోల చక్కెర ఉండాది. ఈడ కూసోని ఏడిస్తే ఐదైపోతాది. నీ మాట సంగతి తరవాత సూసుకుందాం. పోయి టెంక ముదిరిన పచ్చికాయ కొయ్యి, పులుపు కావల్ల. నేను నిమ్మకాయలు తెస్తా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అతను కదల్లేదు. తర్వాత డబర దింపుదామని వంగినప్పుడు, దేవకమ్మ పీట పక్కన, పుల్లల చాటున కొబ్బరి చిప్ప కనపడింది. పైన తేట నీళ్లు లేవు, ఒంపేశారు. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. వేలు ముంచి నాలుకకు తాకించుకున్నాడు. చుర్రుమంది.

సున్నం.

అతనికి ఒక్కసారిగా అర్థమైంది. చెరకు రసంలో పులుపుంటే బెల్లం కుదరదు. అందుకే పెనం పొంగేటప్పుడు సున్నపు తేట వేస్తారు. పులుపు విరుగుతుంది, మడ్డి నురగలో తేలుతుంది, బెల్లం గడ్డకడుతుంది. పొద్దుననగా గ్రేసీ ఏం చెప్పింది? జామ్‌ను నిలబెట్టేది పులుపేనని చెప్పింది. బెల్లానికి శత్రువైనది దీనికి ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎవరో చిప్పతో తీసేశారు.

"వదినా" అన్నాడు.

దేవకమ్మ తలెత్తలేదు.

"నువ్వు ఏసినావా?"

"నురగ నల్లగా తేలినాది" అంది ఆమె. "నలభై ఏండ్లు ఆ పని సేసిన సెయ్యి. నురగ కనపడినాది, సెయ్యి దానంతట అది ఆకూవక్కకని సున్నం నానేసిన చిప్పకాడికి పోయినాది. నేను ఏసినానని నాకే తెలీదు రఘునాథా. తట్ట మీద కారినప్పుడు తెలిసినాది."

"అప్పుడన్నా సెప్పకూడదా?"

"ఎట్లా సెప్పేది? పెనం కాడ నా మాటే ఆఖరు మాట అని ఊరంతా అనుకుంటా ఉండాది. ఆ గ్రేసీ ముందర, కూలిదాని ముందర, నేనే సెడగొట్టినానని సెప్పాల్నా?"

"ఆమెను నేను ఏమన్నానో ఇన్యావు గదా!"

"ఇన్యాను." దేవకమ్మ ఇప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "అనింది నువ్వు, నేను కాదు. రెండోది గట్టిపడితే శీనివాసుల్ని ఎనక్కి పంపుతా, మాట మాటే. ఈ చిప్ప సంగతి మాత్రం ఈడే ఉండిపోవల్ల. ఎవురి ముందరన్నా నా పేరు ఎత్తినావంటే, తోట నాది, రంపం వాడిది. నడమ నీకేం పని?"

రఘునాథ్ చిప్పను బయటికి తీసుకెళ్లి కంచె అవతల విసిరేశాడు. విసిరేటప్పుడు లెక్క సులభంగానే కనిపించింది. ఒక పక్క నలభై రెండు చెట్లు. ఇంకో పక్క, కూలికి వచ్చిన మనిషిని అన్న ఒక్క మాట. గమ్మున ఉంటే సరిపోతుంది. గమ్మున ఉండడం వ్యాపారంలో అతనికి కొత్త కాదు.

గ్రేసీ ఎనిమిది నిమ్మకాయలతో వచ్చింది. డబర తానే కడుగుతానని పట్టుకుంది. అడుగును బూడిదతో రుద్దుతూ ఒకచోట చెయ్యి ఆపింది. మళ్లీ రుద్దింది.

"ఈసారి నురగ నేను తీస్తా" అన్నాడు రఘునాథ్.

గ్రేసీ అతని ముఖం చూసింది. "తియ్యి" అంది.

పచ్చికాయ ముక్కల్ని టెంకలతో సహా విడిగా ఉడికించి, ఆ జిగురు గుజ్జును, మళ్లీ జల్లించిన పండు గుజ్జులో కలిపింది. నిమ్మరసం గింజలు పడకుండా కొంగులో వడకట్టింది. మూడు కిలోల చక్కెరను రఘునాథ్ కాటా మీద రెండుసార్లు తూచి ఇస్తే ఆమె పోసింది. మూడున్నరకు రెండో డబర పొయ్యెక్కింది. మంట పెద్దది కావాలంది ఆమె. ఎండిన మామిడి కొమ్మలు తోశాడు. గుజ్జు కుతకుతమని ఎగిరి గ్రేసీ మోచేతి మీద పడింది. ఆమె కెలకడం ఆపలేదు. కట్టె పొట్టిదైపోతే చివరకు ఒక గడకర్ర ముక్క కట్టుకుంది.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి గంటసేపు పని చేశారు. అవసరమైన మాటలే నడిచాయి. మంట తగ్గించు. పక్కకు జరుగు. అంచు గోకు. రఘునాథ్ రెండుసార్లు నోరు తెరవబోయి, పీట మీద కూర్చున్న దేవకమ్మను చూసి మూసుకున్నాడు.

నాలుగున్నరకే మినీ లారీ చప్పుడైంది.

శ్రీనివాసులు ముందుగా దిగాడు. వెనక నుంచి ఇమ్మానుయేల్ మోకు కట్ట, పెట్రోలు డబ్బా దింపాడు. శ్రీనివాసులు మిషన్ రంపాన్ని భుజాన వేసుకుని కొట్టంలోకి వచ్చి, ముక్కు ఎగబీల్చాడు.

"ఏమన్నా, కాయల వ్యాపారం ఇడిసిపెట్టి మిఠాయి అంగడి పెట్టినట్టుండావే!"

"ఐదు కాల్యా ఇంగా" అన్నాడు రఘునాథ్.

"కానీలేప్పా. నీ ఐదు నిమిషాలు నేనేం ఎత్తుకపోను. బిన్నా కానియ్యి, పొద్దుండగా నాలుగు మాన్లన్నా పడల్ల." గ్రేసీని చూసి నవ్వాడు. "ఏమ్మే, మొగుడు చెట్టు కొట్టనీకి వస్తే పెండ్లాం చెట్టు నిలబెడతా ఉండావా? రాత్రికి ఇంట్లో పొయ్యి మండదు సూసుకో!"

ఇమ్మానుయేల్ మోకు ముడి విప్పుతున్నాడు. గ్రేసీ అతని వైపు చూడలేదు. తట్టను ఐసు మీద నుంచి తీసి తుడిచింది. గరిటె చివరి నుంచి ఒక చుక్క వదిలింది. అందరూ దగ్గరకు వచ్చారు. శ్రీనివాసులు కూడా.

ఆమె ఒకటి నుంచి ముప్పై దాకా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. వేలితో గీత గీసింది.

గీత నిలిచింది. రెండు పక్కలా గట్లు కట్టినట్టు, మధ్యలో స్టీలు మెరుస్తూ నిలిచింది. తట్టను నిలువుగా ఎత్తినా చుక్క జారలేదు, ముడతపడి ఆగింది.

దేవకమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి, వేలితో తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. పులుపుకి దవడ బిగుసుకుంది.

"గట్టిపడినాది" అంది.

 మంట లాగేసి, వేడివేడిగా సీసాల్లో పోయడం మొదలుపెట్టారు. గరాటు లేదు. స్టీలు చెంబు మూతిని ఒకవైపు నొక్కి చేసిన ముక్కుతో పోసింది గ్రేసీ. శ్రీనివాసులు రంపం దించకుండానే కొట్టమంతా కలియజూసి, మూలనున్న పాత గంగాళంలో ఒంపిన మొదటి వాయి దగ్గర ఆగాడు.

"ఇదేంది? కుడితి మాదిరి ఉండాది?"

శ్రీనివాసులు వంగి పుల్లతో కెలికి చూశాడు.

"ఇది సెడిపోయినాదా? ఎవురు సెడగొట్టినారు?"

దేవకమ్మ గొంతు ముందు లేచింది. "కొత్త సేతులకిస్తే అంతే మరి. ఒకటి సెడినాకనే గదా ఇంగొకటి కుదిరేది."

మాట ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, కొట్టంలో కొత్త చేతులు ఒక్కరివే. శ్రీనివాసులు పకపకా నవ్వాడు.

"ఏమిరా ఇమ్మానుయేలూ! నీ పెండ్లాం తొలి కుండ మన కోసం సెడగొట్టి, రెండోది రఘన్న కోసం సేసినట్టుండాదే! రెండు పక్కలా కూలి!"

ఇమ్మానుయేల్ చేతిలో ముడి ఆగిపోయింది. అతను తల ఎత్తి మొదటిసారి భార్యను చూశాడు. గ్రేసీ చెంబు కింద పెట్టలేదు. ఆరో సీసా నిండుతోంది. ఆమె చూస్తున్నది సీసాను కాదు, రఘునాథ్‌ను.

రఘునాథ్ చాలా బేరాలు మాట్లాడకుండా గెలిచాడు. ఇదీ గెలిచిన బేరమే. గీత నిలిచింది, వదిన గట్టిపడిందని అంది, చెట్లు దక్కాయి. ఇంకో పది నిమిషాలు పెదవి కదపకపోతే చాలు. ఆ పది నిమిషాలూ ఆ మాట ఆ మొగుడూపెళ్లాల మధ్య నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం అన్నది అతనొక్కడే. ఇప్పుడు శ్రీనివాసులు అన్నాడు. రేపు ఊరంటుంది.

"శీనివాసులూ" అన్నాడు. "అది సెడగొట్టింది గ్రేసీ కాదు. దాంట్లో సున్నపు తేట పడినాది. బెల్లం పెనమనుకోని వదిన సెయ్యి ఏసినాది. తెలిసి ఏసింది కాదు. గ్రేసీని అనుమానపడి మాటన్నది నేను, అది మాత్రం తెలిసే అన్నాను. తప్పు నాది."

"రఘునాథా!" అంది దేవకమ్మ.

అంతే. కొంగు భుజం చుట్టూ లాక్కుని, అందరి మధ్యనుంచీ నడిచి ఇంట్లోకి వెళ్లింది. వెనక తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు కొట్టంలోకి వినిపించింది.

గ్రేసీ ఏడో సీసా అందుకుంది.

"నాకి తెలుసన్నా" అంది, చెంబు వంచుతూ. "డబర తోమేటప్పుడే అడుగున తెల్లగా అంటుకోని ఉన్నింది."

"తెలిసీ ఏల సెప్పలేదు?"

"నేను సెప్తే ఎవురు నమ్ముతారు? నువ్వు సెప్తావా ల్యాదా అని సూస్తా ఉంటిని."

ఇమ్మానుయేల్ మోకును మళ్లీ చుట్టచుట్టడం మొదలుపెట్టాడు. శ్రీనివాసులు అతన్ని ఆపాడు.

"ఏల చుడతా ఉండావురా? అక్క నన్ను పొమ్మనిందా? గట్టిపడినాది అనింది గానీ, పో అని అనల్యా గదా!" రంపాన్ని భుజం మీద నుంచి దించి అరుగు మీద పెట్టాడు. మూత తిప్పి పెట్రోలు ఉందో లేదో చూసుకున్నాడు. "ఐదు కావస్తా ఉండాది. అక్క బయటికొచ్చి ఏ మాటంటే ఆ మాట. నేను ఈడే కూసోనుంటా."

గ్రేసీ ఆఖరి సీసా నింపి, మూత బిగించి, తలకిందులుగా నిలబెట్టింది. డబర అంచులు వేలితో తుడిచి ఇమ్మానుయేల్ చేతికి అంటించింది. అతను నాకి, నవ్వకుండా తల ఊపాడు.

రఘునాథ్ గట్టు మీద కూర్చుని ఆనాటి లెక్క చూసుకున్నాడు. సీసాలు తొమ్మిది, గట్టివి. చక్కెర మిగల్లేదు. మూతి తిప్పుకోవాల్సిన మనిషి పక్కనే నిలబడి, రేపటికి దోమతెర గుడ్డ తెస్తే జల్లెడ బాధ ఉండదని చెబుతోంది. అది రాబడి కిందే వేసుకున్నాడు. ఇన్నేళ్ల వదిన వరస ఖర్చు కింద వేశాడు. నలభై రెండు చెట్లు మాత్రం ఏ పక్కా వేయలేకపోయాడు. లోపల గడియ తీస్తున్న చప్పుడైంది. శ్రీనివాసులు రంపం పిడి మీద చెయ్యి వేసి లేచాడు.